నీడ పడే పెరడు, పైనుంచి చూసే కిటికీలు: చాటుకి ఏ మొక్కలు పెట్టాలి?

వీడియో చూసే టైం లేనివాళ్ళ కోసం ఎప్పటిలాగే మొత్తం మాటలు ఇక్కడ పెడుతున్నాం. ఈసారి ఇంటర్వ్యూ టిప్స్ లేవు, నోటీస్ పీరియడ్ గోల లేదు. ఈసారి పెరడు.

సీన్ మీకు తెలిసిందే. ఒక ఇండిపెండెంట్ ఇల్లు, వెనక కాస్త పెరడు, ఆ పెరటి వెనక కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్. హైదరాబాద్, విజయవాడ, వరంగల్, వైజాగ్, ఏ కాలనీకి వెళ్ళినా ఇదే కనిపిస్తుంది. ఆ బిల్డింగ్ లేచిన రోజున కింద ఇంటివాళ్ళకి రెండు పోతాయి. ఎండ పోతుంది, చాటు పోతుంది. చాటు కోసం మొక్కలు పెడదాం అంటే, గుబురుగా పెరిగే మొక్కల్లో చాలావాటికి ఎండ కావాలి. ఇక్కడే అందరూ ఇరుక్కుపోతారు. నర్సరీకి వెళ్ళి "మేడం, ఇది ఫుల్ డెన్స్ వస్తది" అన్న మాట నమ్మి పది మొక్కలు తెచ్చుకుంటారు. ఏడాదికి పైన ఒక గొడుగు, కింద పది పుల్లలు. చాటు కావాల్సింది కింద కదా!

మాది మల్కాజ్‌గిరి. నాన్న 1998లో కట్టిన ఇల్లు. వెనక 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు పెరడు ఉంది. వెనక స్థలంలో స్టిల్ట్ పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు వచ్చాయి. మా పెరటికి సరిగ్గా దక్షిణాన. గృహప్రవేశానికి మమ్మల్ని కూడా పిలిచారు, మంచివాళ్ళే, వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళ కిచెన్ కిటికీలు, యుటిలిటీ బాల్కనీలు ఇటే ఉన్నాయి, అంతే. అయినా అమ్మ మాత్రం పెరట్లో కూర్చోవడం మానేసింది. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకోవడం, సాయంత్రం మెట్టు మీద కూర్చుని పిన్నితో ఫోన్‌లో గంట మాట్లాడటం, నైటీలో అటూ ఇటూ తిరగడం, అన్నీ ఆగిపోయాయి. ఒక్క మాట కూడా కంప్లైంట్ చేయలేదు. బట్టలు హాల్లో స్టాండ్ మీద ఆరడం మొదలయ్యాక గానీ మాకు విషయం అర్థం కాలేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒక స్థలాన్ని వదిలేసుకోవడం ఇలాగే జరుగుతుంది, చప్పుడు లేకుండా. అందుకే ఈ ఎపిసోడ్‌ని డెకరేషన్ టాపిక్‌లా తీసుకోవద్దు.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. కోర్టుకి వెళ్తే? అని నన్ను చాలామంది అడిగారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో సెక్షన్ 18 ఉంది. పక్కింటివాళ్ళ ఏకాంతానికి భంగం కలిగేలా కొత్త కిటికీ పెట్టకూడదనే ఆచారం ఒక ఊళ్ళో ఉంటే, ఆ ఆచారం హక్కు అవుతుందని అందులో ఒక ఉదాహరణే రాశారు. కానీ ఆ ఆచారం మీ ఊళ్ళో ఉందని మీరే నిరూపించాలి. కాలనీలో పక్కవాళ్ళతో ఇరవై ఏళ్ళు బతకాలి కూడా. మొక్కలే నయం.

సరే, లెక్కలోకి వద్దాం. మొక్క పేరు ఇప్పుడే అడగొద్దు. ముందు ఎంత ఎత్తు చాటు కావాలో తేలాలి.

అందరూ ఆలోచించేది ఒకే రకంగా: కాంపౌండ్ గోడ పక్కన వరసగా మొక్కలు, అవి కిటికీ ఎత్తు దాకా పెరగాలి. నిజానికి మనం కిటికీని మూయక్కర్లేదు. కిటికీలో ఉన్న కంటికీ, కింద కూర్చున్న మనిషి తలకీ మధ్య ఒక గీత ఉంటుంది. ఆ గీతని ఎక్కడో ఒకచోట అడ్డుకుంటే చాలు. గీత ఏటవాలుగా కిందికి దిగుతుంది కాబట్టి, మనిషికి దగ్గరగా అడ్డుకుంటే తక్కువ ఎత్తు సరిపోతుంది, దూరంగా అడ్డుకుంటే ఎక్కువ ఎత్తు కావాలి. టెన్త్‌లో చదివిన సరూప త్రిభుజాలు. బీటెక్‌లో నాలుగేళ్ళు చదివినదానికంటే ఇదే ఎక్కువ పనికొచ్చింది నాకు.

వీడియోలో బోర్డు మీద గీశాను, ఇక్కడ మాటల్లో చెప్తా. అమ్మ కుర్చీలో కూర్చుంటే తల నేల నుంచి 4 అడుగులు. కుర్చీ నుంచి వెనక బిల్డింగ్ కిటికీకి 20 అడుగులు. స్టిల్ట్ మీద మొదటి అంతస్తులో నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి సుమారు 15 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే తల కంటే 11 అడుగులు పైన. మొక్క కుర్చీకి 9 అడుగుల దూరంలో, అంటే గోడ పక్కన ఉందనుకోండి. 11ని 9తో గుణించి 20తో భాగిస్తే దగ్గర దగ్గర 5. దానికి 4 కలిపితే 9 అడుగుల మొక్క కావాలి. అదే మొక్క కుర్చీకి 3 అడుగుల దూరంలో ఉంటే? 11ని 3తో గుణించి 20తో భాగిస్తే 1.65. దానికి 4 కలిపితే ఐదున్నర, ఆరు అడుగులు చాలు.

ఇప్పుడు పై అంతస్తులు చూడండి. రెండో అంతస్తు కన్ను 25 అడుగుల్లో ఉంటుంది. గోడ పక్కన అయితే పదమూడున్నర అడుగుల మొక్క కావాలి, కుర్చీ దగ్గర అయితే 7 అడుగులు. మూడో అంతస్తుకి గోడ పక్కన 18 అడుగులు, కుర్చీ దగ్గర తొమ్మిది లోపే. నీడలో 18 అడుగుల దట్టమైన మొక్క పెంచడం మన వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. 7 అడుగుల మొక్క అయితే రెండు మూడేళ్ళలో వచ్చేస్తుంది. కాబట్టి పెరటి మొత్తానికి పచ్చగోడ కట్టాలన్న ఆలోచన పక్కన పెట్టండి. మనిషి ఎక్కడ కూర్చుంటుందో, బట్టలు ఎక్కడ ఆరేస్తారో, ఆ రెండు చోట్లకీ దగ్గరగా మొక్కలు పెట్టండి.

లెక్క మీద నమ్మకం కుదరకపోతే పాత చీర టెస్ట్ చేయండి. రెండు కర్రలు పాతి, మీరు అనుకున్న ఎత్తులో, అనుకున్న చోట ఒక పాత చీర కట్టండి. కుర్చీలో కూర్చుని పైకి చూడండి. కిటికీ మీకు కనబడకపోతే, మీరూ వాళ్ళకి కనబడరు. రెండు రోజులు అలాగే ఉంచండి. వంటింట్లోకి వెలుతురు ఎంత తగ్గిందో, గాలి ఆగిందో లేదో కూడా తెలిసిపోతుంది. మా ఇంట్లో చీర కట్టిన మొదటి సాయంత్రమే అమ్మ అంది: "చాటు బానే ఉంది గానీ, వంటింటి ముందు మాత్రం ఏం పెట్టకే. పొద్దున పూట కూడా లైటేసుకుని వండమంటావా?" దాంతో వంటింటి కిటికీ ఎదురుగా ఐదడుగుల ఖాళీ వదలాల్సి వచ్చింది. వెలుతురు ముందే తగ్గిన ఇల్లు అది. చాటు పేరుతో మిగిలినది కూడా మనమే ఆపేసుకుంటే ఎలా?

ఇక నీడ సంగతి. "మా పెరట్లో నీడ" అంటే సరిపోదు. ఎంత నీడ అన్నది కావాలి. మీ చేతిలో ఫోన్ ఉంది కదా, లక్స్ మీటర్ యాప్ ఏదైనా ఫ్రీగా దొరుకుతుంది. కెమెరాలో ఫొటో చూసి అంచనా వేయొద్దు. కెమెరా చీకటిని కూడా వెలుగులా సర్ది చూపిస్తుంది, మన కన్ను కూడా అంతే. యాప్ నంబర్ కూడా పక్కా కాదు, ఒక్కో ఫోన్ సెన్సర్ ఒక్కోలా ఉంటుంది. కానీ ఒకే ఫోన్‌తో ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా చూడటానికి బాగా పనికొస్తుంది. ఆరుబయట మధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ ఉంటుంది. మామూలుగా ఇంట్లో లైటు కింద రెండు మూడు వందలు. డిసెంబర్‌లో ఉదయం పదింటికి మా పెరట్లో గోడ పక్కన 4,000, మధ్యలో 7,000, పక్కింటి మామిడి కొమ్మలు వాలిన మూలలో 900 వచ్చింది. అదే పెరడు, మూడు వేరు వేరు ప్రదేశాలు. 900 వచ్చిన మూలలో నేను మొక్క పెట్టలేదు, పాత డ్రమ్ములూ సైకిలూ అక్కడ పెట్టాం.

ఇంకో విషయం ఉంది, అమెరికా గార్డెనింగ్ వీడియోల్లో మీకు ఎవరూ చెప్పరు. మన నీడ ఏడాదంతా నీడ కాదు. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణాన 50 అడుగుల బిల్డింగ్ ఉంటే, దాని నీడ మిట్టమధ్యాహ్నం కూడా 43 అడుగుల దాకా పడుతుంది. మా పెరడు పూర్తిగా మునిగిపోయినట్టే. మే నెల రెండో వారానికి సూర్యుడు నడినెత్తి మీదకి వస్తాడు. నీడ మాయమయ్యే రోజు అని న్యూస్‌లో చూపిస్తారు చూడండి, అదే. మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి వస్తుంది. ఆ రోజుల్లో బిల్డింగ్ ఎంత ఎత్తున్నా ఏమీ ఆపదు. పదకొండున్నర నుంచి రెండింటి దాకా నిలువు ఎండ, 42 డిగ్రీల వేడి, ఆ పైన సిమెంట్ గోడల సెగ. అంటే మనకి కావాల్సిన మొక్క పది నెలలు నీడని ఓర్చుకోవాలి, రెండు నెలలు నెత్తి మీద నిప్పుని ఓర్చుకోవాలి. ఇండోర్ ప్లాంట్స్ అని అమ్మేవాటిలో సగం ఈ మే పరీక్షలోనే మాడిపోతాయి.

ఎవర్‌గ్రీన్ అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. చలి దేశాల్లో ఆకు రాల్చని మొక్క దొరకడమే పెద్ద విషయం, అందుకే వాళ్ళు ఆ మాట అంతగా వాడతారు. మన దగ్గర పెరటి మొక్కల్లో ఎక్కువ శాతం ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. దేవగన్నేరు లాంటివి కొన్ని చలికాలంలో బోడిగా నిలబడతాయి, వాటిని చాటుకి పెట్టుకోకపోతే సరి. మన సమస్య ఆకు రాలడం కాదు, కింది ఆకు పోవడం. వెలుతురు తక్కువైతే మొక్క తన శక్తంతా పైకి పంపుతుంది. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది, నీడ పడ్డ కింది ఆకుల్ని వదిలేస్తుంది. కాబట్టి నర్సరీలో "ఎవర్‌గ్రీనా?" అని అడగడం కంటే "నీడలో కింద నుంచీ ఆకు ఉంటుందా?" అని అడగండి.

ఇప్పుడు పేర్లు. నా ఫస్ట్ ర్యాంక్ ఇన్‌స్టాగ్రామ్ మొక్కకి కాదు, నందివర్ధనానికి. నవ్వకండి. మీ అమ్మమ్మ వాళ్ళ బావి దగ్గర పూజ పూల కోసం ఉన్న అదే తెల్ల పువ్వు మొక్క. ముదురాకుపచ్చ ఆకు, అడుగు నుంచే కొమ్మలు, 6 నుంచి 8 అడుగుల ఎత్తు. ఎంత కత్తిరించినా మళ్ళీ చిగురిస్తుంది. సగం నీడలో కూడా పూస్తుంది, కాకపోతే పూలు తగ్గుతాయి. మే ఎండని కూడా తట్టుకుంటుంది. మన వాతావరణంలో తరాలుగా ఉన్న మొక్క, ధర కూడా తక్కువే. ముద్ద నందివర్ధనం తెచ్చుకుంటే రాత్రిళ్ళు సన్నటి వాసన బోనస్. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కంట్లో పడకుండా చూసుకోండి. కుర్చీకి 3 అడుగుల దూరంలో, రెండున్నర అడుగులకి ఒకటి చొప్పున నాలుగు మొక్కలు పెట్టాను.

రెండోది అడ్డసరం. దగ్గు కషాయం మొక్కగా తెలిసినవాళ్ళకి తెలుసు. పొలం గట్ల మీద కంచెగా వేస్తారు, ఎందుకంటే మేకలు కూడా దాన్ని ముట్టవు. పెద్ద ఆకులు, త్వరగా గుబురవుతుంది, సగం నీడ సరిపోతుంది. చూడటానికి కాస్త మొరటుగా ఉంటుంది, ఒప్పుకుంటా. గేటు దగ్గర పెట్టమనను, బట్టల తీగ వెనక మాత్రం బ్రహ్మాండం. కొమ్మ గుచ్చినా బతుకుతుంది కాబట్టి తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంటే రూపాయి ఖర్చు లేదు.

గోడ పక్కన వెలుతురు ఇంకా తక్కువ కదా. అక్కడ అరెకా పామ్ పెట్టాం. మడగాస్కర్ మొక్క, ఇప్పుడు మన ప్రతి ఫంక్షన్ హాల్లోనూ ఉంది. గుంపుగా, అడుగు నుంచే పిలకలు వేస్తుంది, నేలలో అయితే 10 అడుగులు దాటుతుంది. నీడలోనే దాని ఆకు ముదురాకుపచ్చగా బాగుంటుంది, నిలువు ఎండలో పసుపెక్కుతుంది. మే నెలలో గ్రీన్ నెట్ ఒకటి పైన కట్టాల్సిందే. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ఆకు కొసలు గోధుమ రంగుకి మారతాయి. వానాకాలం నీళ్ళు బాగా పడితే కొత్త ఆకులు మళ్ళీ శుభ్రంగా వస్తాయి. ఇంకా చీకటిగా ఉన్న చోటైతే రాపిస్ పామ్, లేడీ పామ్ అంటారు, అది నీడకి మొండిది. నత్తనడక, ఖరీదు కూడా ఎక్కువ. బడ్జెట్ ఉంటే రెండు పెట్టుకోండి.

మధుకామిని గురించి అందరూ అడుగుతారు. కరివేపాకుకి చుట్టం, కత్తిరించి పచ్చగోడలా చేయడానికి అంత చక్కటి మొక్క ఇంకోటి ఉండదు. కానీ రోజుకి మూడు నాలుగు గంటలైనా ఎండ తగలాలి, లేకపోతే పలచబడుతుంది. పెరట్లో నిమ్మ చెట్టు ఉంటే ఇంకా ఆలోచించండి. నిమ్మ, బత్తాయిలకి గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే చిన్న పురుగుకి కామిని అంటే చాలా ఇష్టం. నూరు వరహాలు కూడా ఇలాగే, నీడలో ఆకు ఉంటుంది, పువ్వు తగ్గుతుంది. గోడ పక్కన సిమెంట్ కలిసిన మట్టిలో అయితే ఆకు పసుపెక్కి దిగులుగా నిలబడుతుంది. షెఫ్లెరా అని గొడుగులాంటి ఆకుల మొక్క ఉంటుంది, అది నీడలో బాగానే వస్తుంది. ఏడాదికి రెండుసార్లు తల తుంచితేనే గుబురవుతుంది.

వద్దనేవి త్వరగా చెప్పేస్తా. మందారం, బోగన్‌విల్లా, గన్నేరు, డ్యురాంటా, గోరింట, ఇవన్నీ ఎండ మొక్కలు. నీడలో బతుకుతాయి, చాటు ఇవ్వవు. మోర్‌పంఖి అని అమ్మే థూజా నీడలో లోపల నుంచి ఎండిపోతుంది, ఒకసారి ఎండిన కొమ్మ మళ్ళీ చిగురించదు. స్తంభంలా పెరిగే అశోక చెట్లు వరసగా పెడతారు చూడండి, దాని అసలు పేరు నరమామిడి. సీతమ్మ కూర్చున్న అశోకం అది కాదు, అది వేరే చెట్టు. నరమామిడి నీడలో సన్నగా 30 అడుగులు పోతుంది, కింద ఖాళీ. నిజం అశోకం అడవిలో పెద్ద చెట్ల కింద పెరిగే జాతి, నీడని ప్రేమిస్తుంది. కానీ చాలా నెమ్మది, పిల్లల పెళ్ళిళ్ళకి పనికొస్తుంది. కోనోకార్పస్ సంగతి విన్నారు కదా? వేళ్ళు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి వెళ్తాయని, పుప్పొడితో ఇబ్బందని గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటడమే నిషేధించింది. మన దగ్గర కూడా ప్రభుత్వ నర్సరీల్లో ఆపేశారు. ఎవరైనా ఇప్పటికీ చవగ్గా ఇస్తామంటే వద్దని చెప్పండి. సెప్టిక్ ట్యాంక్, సంపు ఉన్న పెరట్లో అసలే వద్దు. వెదురు? నీడ తక్కువుంటే, గుంపుగా పెరిగే రకమైతే పర్లేదు. పాకే రకం పెడితే పక్కింట్లో కూడా మీ వెదురే ఉంటుంది.

నాటడం దగ్గర రెండు మూడు విషయాలు. గోడ పక్కన తవ్వితే మట్టి రాదు, ఇటుక ముక్కలు, సిమెంట్ పెళ్ళలు వస్తాయి. ఒకటిన్నర అడుగు లోతు, అంతే వెడల్పు కాలువలా తీసి, ఆ చెత్త మొత్తం బయటపడేసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాం. ఈ ప్రాజెక్ట్‌లో మొక్కల కంటే దీనికే ఎక్కువ ఖర్చయింది, ఇద్దరు మనుషులు ఒక రోజంతా పని చేశారు. గోడకి కనీసం ఒకటిన్నర అడుగు దూరం వదలండి, వెనక నుంచి కత్తిరించడానికి చెయ్యి దూరాలి కదా. కడియం నుంచి వచ్చే మొక్కలకి వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా ఉంటుంది. కవర్ తీశాక ఆ ముద్దని పగలగొట్టకుండా, పై పొరని మాత్రం వేళ్ళతో కొంచెం గీకి వదులు చేయండి. నర్సరీలో ఎండలో పెరిగిన మొక్కని నీడలోకి తెస్తే మొదటి నెలలో ఆకులు రాలుతాయి. కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోయకండి. నీడలో మట్టి త్వరగా ఆరదు, మొక్క చచ్చేది దాహంతో కాదు, వేరు కుళ్ళి. వేలు పెట్టి చూసి, రెండు అంగుళాల లోతులో పొడిగా ఉంటేనే పోయండి. జూన్ చివర్లో, రెండు వానలు పడ్డాక నాటడం బెస్ట్. ఆ తర్వాత మనసు రాయి చేసుకోవాలి: నందివర్ధనాన్ని ఒకటిన్నర అడుగు దగ్గర కోసేయాలి. అప్పుడే అడుగు నుంచి నాలుగైదు కొమ్మలు వస్తాయి. నేను కత్తెర పట్టుకుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "డబ్బులు పెట్టి కొన్నది కోస్తావేంటే, పిచ్చిదానా!" మూడు నెలలకి కొమ్మలు చూశాక ఏమీ అనలేదు, పక్కింటి ఆంటీకి తనే సలహా ఇచ్చింది. ఎప్పుడు కత్తిరించినా అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఉండేలా కత్తిరించండి. పైభాగం వెడల్పైతే కిందికి ఉన్న కాస్త వెలుతురు కూడా అందదు.

దోమలు, పాములు అని పెద్దవాళ్ళు భయపడతారు, ఆ భయంలో అర్థం ఉంది. నేల నుంచి అర అడుగు దాకా కొమ్మలు తీసేసి శుభ్రంగా ఉంచండి, ఎండుటాకులు పోగుపడనివ్వకండి. కుండీల కింద ప్లేట్లు పెట్టకండి, డెంగ్యూ దోమకి ఆ రెండు చెంచాల నీళ్ళు చాలు. గాలి ఆడని మూలల్లో పిండినల్లి పడుతుంది, సబ్బు నీళ్ళలో కొంచెం వేపనూనె కలిపి పది రోజులకోసారి కొట్టండి.

మూడు, నాలుగు అంతస్తులకి ఏం చేశామంటే, మొక్క కాదు, పందిరి. కుర్చీ పైన 8 అడుగుల ఎత్తులో, 6 అడుగుల పొడవు 5 అడుగుల వెడల్పున పైపులతో చిన్న పందిరి వేయించాం. పైనుంచి వచ్చే చూపుకి అదొక్కటే మందు. నీడలో పాకే తీగ ఏది అని వెతకక్కర్లేదు, తమలపాకు ఉంది. నీడ, తేమ, పక్కన ఆనుకోడానికి ఏదో ఒకటి, దానికి అంతకంటే ఏం వద్దు. మేలో మాత్రం గ్రీన్ నెట్ కావాలి, నీళ్ళు నిలిస్తే చచ్చిపోతుంది. బచ్చలి కూడా ఒక పక్క ఎక్కించాం, పప్పులోకి పనికొస్తుంది. మల్లె తీగ వేద్దామని నాన్న పట్టుబట్టారు. వేశాం, ఆకులున్నాయి, మొగ్గ ఇంతవరకు చూడలేదు. మల్లెకి ఎండ కావాలి నాన్నా అంటే వినరు.

ఇప్పటి పరిస్థితి చెప్తా, అబద్ధం లేకుండా. నాటి పద్నాలుగు నెలలు. నందివర్ధనం ఐదున్నర అడుగులకి వచ్చింది, కుర్చీలో కూర్చుంటే మొదటి అంతస్తు కనబడదు. రెండో అంతస్తు సగం కనబడుతుంది, ఇంకో ఏడాది పడుతుంది. అప్పటిదాకా ఆ సందులో వెదురు తడిక ఒకటి నిలబెట్టాం. తమలపాకు పందిరి మీద మూడో వంతు కూడా పాకలేదు. బట్టల తీగ బయటికి వచ్చేసింది, హాల్లో స్టాండ్ మడిచి మంచం కింద పెట్టాం. అమ్మ పొద్దున ఇంకా బయట కూర్చోవట్లేదు, సాయంత్రం మాత్రం కూర్చుంటోంది. పొద్దున పూట బాల్కనీలో జనం ఎక్కువ అంటుంది. చూద్దాం.

డాలస్, న్యూజెర్సీ నుంచి చూసేవాళ్ళకి ఒక మాట. ఈ లెక్క, చీర టెస్ట్ మీకూ పనిచేస్తాయి, మొక్కల లిస్ట్ మాత్రం పనిచేయదు. నందివర్ధనం మీ చలికి పోతుంది. టెక్సస్‌లో యూపాన్ హాలీ అక్కడి సొంత మొక్క, నీడనీ ఎండనీ రెండింటినీ ఓర్చుకుంటుంది. న్యూజెర్సీలో అందరూ వరసగా పెట్టే ఆర్బర్‌విటే నీడలో పలచబడుతుంది, చలికాలంలో జింకలు తినేస్తాయి. అక్కడ నీడకి అమెరికన్ హాలీ చూడండి. మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో ఫ్రీగా సలహా ఇస్తారు, అడగండి.

ఈ ఆదివారం మీరు చేయాల్సింది మూడే: టేపు పట్టుకుని కుర్చీ నుంచి కిటికీకి దూరం కొలవండి, పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి లక్స్ నంబర్ రాసుకోండి, ఇంట్లో పెరడు ఎక్కువ వాడేది ఎవరో వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి చీర కట్టండి. మూడు నంబర్లూ రాసి పంపితే, మీ పెరటికి ఏది సరిపోతుందో వచ్చే ఎపిసోడ్‌లో ఐదారు ఇళ్ళవి తీసుకుని లెక్క వేసి చూపిస్తా. సంపు ఎక్కడుందో కూడా రాయండి, మర్చిపోకండి.